కీర్తనల అడంగల్

బైబిల్లోని నూట యాభై కీర్తనలూ ఎవరెవరు రాశారో తేలేదాకా మా సభలో ఎవరూ వాటిని పాడటానికి గాని, చదవటానికి గాని నోరు తెరవకూడదని తీర్మానం చేసిన రోజున అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. సభ కార్యాలయంలో హెడ్ క్లర్కుని. నా చప్పట్లు వినపడని అధ్యక్షులకి నా జీతం పెంపు అర్జీ మాత్రం ఏం కనపడుతుంది?

తీర్మానానికి కారణం ఒక వీడియో. మా కొలిమేరు గుడిలో జరిగిన కోత పండుగ ఆరాధనను కుర్రాళ్లు ఇంటర్నెట్టులో పెట్టారు. మర్నాటికల్లా, ఇందులోని ఒక పాట మీద హక్కులు వేరెవరివో అని చెప్పి మొత్తం శబ్దం తీసేశారు. మా అధ్యక్షులు డాక్టర్ నెహెమ్యా గారు అందులో ముప్పావు గంటసేపు చేతులు ఊపుతారు, వేలు చూపిస్తారు, బల్ల గుద్దుతారు. ఒక్క మాటా వినపడదు. ఆయన ప్రసంగాలన్నిటిలోకీ దీనికే ఎక్కువ మెచ్చుకోళ్లు వచ్చాయి. ఇంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదని ఒకాయన కింద రాశాడు కూడా.

నెహెమ్యా గారు నొచ్చుకున్నారు. వెంటనే కార్యవర్గాన్ని పిలిచారు.

"కర్త ఎవరో ధ్రువపడని ఏ గేయమూ, ఏ పద్యమూ ఇకమీదట మన ప్రాంగణములలో ఉచ్చరింపబడరాదు. ఈ విషయమై సభ రాజీలేని వైఖరిని అవలంబించనున్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది," అన్నారు. ఆయన నోటితో మాట్లాడినా కింద సంతకం, ముద్ర ఉన్నట్టే ఉంటుంది.

"మరి కీర్తనల గ్రంథమోనండి?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. అడిగినవాడు సరదాకి అడిగాడు. మా కార్యవర్గంలో సరదాకి చోటు లేదు. ఆ సాయంత్రానికే 'కీర్తనల కర్తృత్వ, అర్థ నిర్ధారణ సంఘం' పుట్టింది.

దానికి అధ్యక్షులు నెహెమ్యా గారే. ఉపాధ్యక్షులు గిద్యోను గారు, తహసీల్దారుగా చేసి రిటైరయినవారు. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవన్నీ రెండే రకాలు, పట్టా ఉన్నవీ, పట్టా లేనివీ. మా గుడి పాస్టరు తిమోతి గారూ, ఇంకో పదిమందీ సభ్యులు. భాష సంగతి చూడటానికి మిషన్ హైస్కూలు తెలుగు మాస్టారు సోమయాజులు గారిని పిలిచారు. ఆయన మన మతం కాదు కదా అని ఎవరో గొణిగితే, విభక్తులకు మతం లేదని అధ్యక్షులు కొట్టిపారేశారు. సోమయాజులు గారు మాత్రం టిఫిను ఉంటుందా అని ఒక్కటే అడిగి ఒప్పుకున్నారు.

మొదటి సమావేశంలో గిద్యోను గారు చాలా హుషారుగా ఉన్నారు. "సగం కీర్తనలకి తలమీదే 'దావీదు కీర్తన' అని స్పష్టంగా ఉందండి. అంటే సగం పని అయిపోయినట్టే."

సోమయాజులు గారు ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టారు. "అయిపోలేదండి. అక్కడ విభక్తి లేదు."

"ఏమిటి లేదు?"

"విభక్తండి. సుబ్బారావు ఫోటో అన్నారనుకోండి. సుబ్బారావు తీసిన ఫోటోనా, సుబ్బారావుని తీసిన ఫోటోనా, సుబ్బారావు ఇంట్లో గోడకున్న ఫోటోనా? ఇదీ అంతే. దావీదు చేత అయితే తృతీయ. దావీదు కొరకు అయితే చతుర్థి. దావీదు యొక్క అయితే షష్ఠి. దావీదును గూర్చి అయితే ద్వితీయ."

"మూలభాషలో ఏమున్నదో చూడవలె," అన్నారు అధ్యక్షులు.

"అక్కడ పేరుకు ముందు ఒక్క అక్షరం ఉంటుందండి. 'ల' అని. ఆ ఒక్కదానికీ ఇవన్నీ అర్థాలేనండి," అన్నారు పాస్టరు తిమోతి గారు. ఆయన వేదాంత కళాశాలలో ఆ భాష చదువుకున్నారు. చదువుకున్నందుకు ఆ ఒక్కరోజే ఉపయోగపడింది.

"ఒక్క అక్షరము ఇన్ని పనులు చేయగలిగినప్పుడు మన కార్యాలయములో ఇంతమంది గుమాస్తాలు ఎందుకు?" అన్నారు అధ్యక్షులు నావంక చూసి. నేను ఫైలులోకి చూశాను.

ఎంతకీ తేలకపోవడంతో ఓటింగు పెట్టారు. షష్ఠికి ఆరు ఓట్లు, చతుర్థికి నాలుగు, తృతీయకి మూడు పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. సోమయాజులు గారు మాత్రం కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. వెనకనుంచి ఆయన భుజాలు కదులుతున్నాయి.

ఆ విధంగా షష్ఠీ విభక్తి నెగ్గింది. కీర్తన దావీదు యొక్కది, అంటే దావీదు ఆస్తి. ఆస్తి అనే మాట వినపడగానే గిద్యోను గారికి ఇరవై ఏళ్లు తగ్గాయి. దావీదు పేరున్న కీర్తనలన్నిటినీ ఒక మండలం రికార్డు తనిఖీ చేసినట్టు తనిఖీ చేశారు. పద్నాలుగో కీర్తనా, యాభై మూడో కీర్తనా దాదాపు ఒకటే కాబట్టి అది డబుల్ రిజిస్ట్రేషన్ అన్నారు. నూట ఎనిమిదో కీర్తన వేరే రెండు కీర్తనల ముక్కలు కలిపి చేసింది కాబట్టి సబ్‌డివిజన్ లేకుండా కలిపేసిన సర్వే నంబరు అన్నారు. డెబ్భై రెండో కీర్తన చివర దావీదు ప్రార్థనలు అయిపోయాయని రాసి ఉంది. ఆ తరవాత కూడా దావీదు పేరుతో కీర్తనలు వస్తూనే ఉన్నాయి.

"రిటైరయ్యాక పెట్టిన సంతకాలు చెల్లవు," అని వాటన్నిటి పక్కనా ఎర్ర పెన్సిలుతో గీత గీశారు.

మధ్యమధ్యలో 'సెలా' అనే మాట వస్తుంది. దాని అర్థం ఏ పండితుడికీ తెలియదట. గిద్యోను గారికి తెలిసింది. "సరిహద్దు రాయి," అన్నారు. అప్పటినుంచి సెలా వచ్చినచోట ఆగి, అటూ ఇటూ చూసి, ఆక్రమణ ఏమీ లేదని నిర్ధారించుకుని ముందుకు సాగాలని ఒక సర్క్యులరు వెళ్లింది. టైపు చేసింది నేనే. ఒక్క తప్పు పోలేదు.

తరవాత పత్రికలో ప్రకటన వేశారు. 'దావీదు అనువారు గాని, వారి వారసులు గాని, తమ తమ ఆధారములతో పదిహేను దినములలోగా సంఘము ఎదుట హాజరు కావలెను.' మా వైపు దావీదు లేని ఇల్లుండదు. కొన్ని ఇళ్లలో పెద్ద దావీదు, చిన్న దావీదు ఉంటారు. చెప్పిన రోజున కార్యాలయం ముందు తిరనాళ్లలాగా ఉంది. టైలరు దావీదు వచ్చాడు, రొయ్యల చెరువుల దావీదు వచ్చాడు, మైకుసెట్టు దావీదు వచ్చాడు. కాకినాడ నుంచి ఒక దావీదు బస్సు కట్టించుకుని చుట్టాలతో సహా దిగాడు.

"మీరు బాల్యములో గొర్రెలను కాచియున్నారా?" అని అధ్యక్షులు అడిగేవారు.

"లేదండి. రొయ్యలండి."

"భారీకాయుడిని ఎవరినైనా పడగొట్టిన దాఖలా గలదా?"

"మా బావమరిదిని ఒకపాలి తోశానండి. ఆడు మా లావుగా ఉంటాడండి," అన్నాడు మైకుసెట్టు దావీదు. నేను రాసుకున్నాను.

సాయంత్రం అవుతుండగా కండక్టరు దావీదు వచ్చాడు. బస్సులో టిక్కెట్టు టిక్కెట్టు అని జీవితమంతా అరిచి బాగుచేసుకున్న గొంతు ఆయనది. గుడిలో పాట ఎత్తుకుంటే బెంచీలు సన్నగా మోగుతాయి. భార్య పోయి చాలా కాలమైంది, వయసు అరవై దాటింది, మనిషి నెమ్మదస్తుడు. ప్రకటన చూసి, పిలిచారు కదా రాకపోతే బాగుండదని వచ్చానన్నాడు.

"అవి నాయి కాదండి. నాకు రాయడం ఎక్కడొచ్చండి? నేను పాడుకునేదే ఒక్కటండి, నూట ఇరవై ఒకటి. దాని మీద దావీదు పేరు లేదండి, ఎవరి పేరూ లేదు. వచ్చే నెల రెండో గురువారం నాకు పెళ్లండి. అందులో కూడా అదే పాడుకుంటాం," అన్నాడు.

పెళ్లి మాట ఎవరికీ వినపడలేదు. "ఎవరి పేరూ లేదా?" అన్నారు గిద్యోను గారు, కూర్చున్నవారు లేచి. పుస్తకం తెచ్చి చకచకా తిప్పారు. నిజంగానే లేదు. ఇంకా తిప్పారు. మొత్తం మీద మూడో వంతు కీర్తనలకి కర్త పేరే లేదు. పట్టా లేని నేల కనపడిన తహసీల్దారు మొహం ఎలా వెలుగుతుందో ఆ రోజు చూశాను.

"పోరంబోకు," అన్నారాయన.

దావీదు అదిరిపడ్డాడు. "నన్నాండి?"

"నిన్ను కాదయ్యా. నీ కీర్తనని. పట్టాదారు లేని కీర్తన పోరంబోకు కీర్తన. అది పెళ్లిలో పాడితే ఆక్రమణ కింద వస్తుంది."

ఆ విధంగా ఒక మంచి మనిషి నిజం చెప్పి తన పెళ్లి తనే ఆపుకున్నాడు.

పెళ్లికూతురు మర్నాడు పొద్దున్నే వచ్చింది. కరుణమ్మ గారు మా మిషనాసుపత్రిలో నర్సుగా పనిచేసి దిగినావిడ. పెళ్లి చేసుకోకుండా రోగులతోనే బతుకంతా గడిపింది. అరవై ఒకటో ఏట, ఒకప్పుడు కామెర్లతో తన వార్డులో పడున్న కండక్టరు, నువ్వు లేకపోతే నేను లేను అని వచ్చి అడిగితే ఒప్పుకుంది. గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన కూడా చదివేశారు. బిర్యానీకి మనిషిని మాట్లాడేశారు.

"అయ్యగారూ, ఆ పాట లేకుండా నేను పెళ్లి చేసుకోనండి," అంది, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

"అమ్మా, నిబంధన అందరికీ ఒకటే. వేరొక కీర్తన ఏదైనా..." అన్నారు అధ్యక్షులు.

"వేరేది నాకెందుకండి? నలభై ఏళ్లు నాకు తోడున్నది అదే. నా వాళ్లంటూ ఎవరూ లేని రోజున కూడా అది ఉంది. ఇప్పుడు నాకొక మనిషి దొరికాడని దాన్ని గుమ్మం బయట నిలబెట్టి లోపలికెళ్లమంటారా? నా వల్ల కాదు. ఆయన్ని కూడా అడిగాను, వద్దంటే ఇప్పుడే చెప్పెయ్యండి, ఎవరి ఇంటికి వాళ్లం పోదాం అని. ఆయన కూడా అది లేకుండా వద్దనే అన్నారు." ఆవిడ గొంతు పెంచలేదు. నర్సులు మందు మింగమని చెప్పినట్టు చెప్పింది. నాకు నిజంగా బాధేసింది, పెళ్లి ఆగిపోతుందేమో అనిపించింది.

గిద్యోను గారు మనసులేని మనిషి కాదు. రూలు ఒప్పుకుంటే ఆయనకీ జాలి ఉంటుంది. కాసేపు కళ్లు మూసుకుని, "దారి ఉందమ్మా," అన్నారు. "అడంగల్."

అడంగల్ అంటే కరణాల నాటినుంచి ఉన్న పొలాల లెక్క. అందులో ఒక గడిలో పట్టాదారు పేరుంటుంది, పక్క గడిలో అనుభవదారు పేరు. కాగితం ఎవరి పేరున ఉందో వాడు పట్టాదారు. నిజంగా దిగి దున్నుకుంటున్నవాడు అనుభవదారు. "పట్టాదారు లేనిచోట అనుభవదారే దిక్కు. ఫలానా కీర్తన మీ అనుభవంలో ఉందని రుజువు చేసుకోండి. మీ పేరున రాసేస్తాం. ఆ తరవాత మీ కీర్తన మీ ఇష్టం," అన్నారు గిద్యోను గారు. ఒక్కరికే ఇస్తే పక్షపాతమవుతుందని అధ్యక్షులు ఆ అవకాశాన్ని, అసలు దావీదు హాజరు కాలేదు కాబట్టి ఆయన కీర్తనలతో సహా, సభలోని అందరికీ ప్రకటించారు. ఏ కీర్తన ఎవరి అనుభవములో ఉన్నదో వారు వచ్చి నమోదు చేయించుకొనవలెను అని.

ఆ ఒక్క మాట జనానికి వేరేగా అర్థమైంది. మా వాళ్లకి అనుభవం అంటే అనుభవించడమే. సోమవారం పొద్దున్న నేను తాళం తీసేసరికి వరస వీధి చివర కల్లుపాక దాటిపోయింది.

గోదావరి లంకలోంచి ఒక ఊరు ఊరంతా పడవల మీద వచ్చి, నీళ్లు మెడదాకా వచ్చాయని చెప్పే అరవై తొమ్మిదో కీర్తన తమ ఊరిదన్నారు. రుజువేమిటని అడిగితే బడి గోడ మీద వరద నీటి చార ఉంది, వచ్చి చూసుకోండన్నారు. గిద్యోను గారు సామూహిక అనుభవం అని రాశారు. కన్నీళ్లతో పరుపు తడిసే ఆరో కీర్తన కోసం వచ్చినామెను పరుపు దాఖలు చెయ్యమన్నారు. ఆవిడ మర్నాడు నిజంగానే రిక్షాలో పరుపు వేసుకొచ్చింది. అది ఇంకా మా రికార్డు గదిలో ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక దాని మీద నేనొక్కణ్నే కాస్త నడుం వాలుస్తుంటాను.

శత్రువుని నిలువునా శపించే నూట తొమ్మిదో కీర్తనకి గిరాకీ ఇంతని చెప్పలేం. ఒక అత్తా కోడలూ ఒకే ఆటోలో వచ్చి, ఒకరికి తెలియకుండా ఒకరు అదే కీర్తన అడిగారు. ఎవరి మీద అని అడగక్కర్లేదు. ఇద్దరికీ చెరి సగం ఇద్దామంటే శాపం సగమైపోతుందని ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారట.

పరాయి దేశంలో పాట ఎలా పాడతామని ఏడ్చే నూట ముప్ఫై ఏడో కీర్తన కోసం ఎస్తేరు అనే ఆవిడ వచ్చింది. కువైట్లో ఎవరింట్లోనో వంటచేసి వచ్చింది. "పాడితే సేటమ్మ కేకలేసేదండి. పెదవులు కదపకుండా లోపల్లోపల పాడుకునేదాన్నండి, గిన్నెలు తోముతా," అంది. గిద్యోను గారు గొంతు సవరించుకుని, "విదేశీ అనుభవం. పాస్‌పోర్టు నకలు రెండు కాపీలు," అన్నారు.

పదిరోజుల్లో ఏడ్చే కీర్తనలన్నీ అయిపోయాయి. మొర పెట్టేవి, మొత్తుకునేవి, ఎంతకాలమని అడిగేవి ఒక్కటి మిగల్లేదు. స్తుతించే కీర్తనలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తాళాలు, తంబురలు, బూరలతో ఎగిరి గంతులెయ్యమనే ఆఖరి కీర్తన నా అనుభవంలో ఉందని చెప్పుకోవడానికి ఒక్క మనిషి రాలేదు. గిద్యోను గారు వాటిని బంజరు కింద రాశారు. అధ్యక్షులు దీన్ని తీవ్రంగా తీసుకున్నారు. ప్రతి గ్రామ సంఘమునుండి ఒక సంతోషవంతుడైన సభ్యుని ఎంపిక చేసి, పాస్టరు ధ్రువీకరణతో నెలాఖరులోగా పంపవలెనని సర్క్యులరు పంపారు. చాలా సంఘాల నుంచి 'నిల్' అని జవాబు వచ్చింది. ఒక సంఘం మాత్రం ఒకాయన్ని పంపింది గాని, ఆయన సంతోషానికి కారణం కల్లుపాక అని తేలి వెనక్కి పంపేశాం.

ఈ గొడవలో నూట ఇరవై ఒకటో కీర్తన విచారణ పెళ్లికి మూడు రోజుల ముందుకి వచ్చిపడింది. అది కొండల వంక చూసి, సాయం ఎక్కణ్నుంచి వస్తుందని అడిగి, కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అని తనకు తనే చెప్పుకునే చిన్న కీర్తన. మొదట అధ్యక్షులు అర్థం విషయంలో అభ్యంతరం లేవదీశారు.

"కొలిమేరు నుండి కనుచూపు మేరలో కొండ గలదా?"

"లేదండి. ఇసుక దిబ్బలే," అన్నారు పాస్టరు గారు.

"కొండ లేని గ్రామములో కొండల తట్టు చూచుచున్నానని పలకడం వాస్తవ విరుద్ధము. గమనించవలెను."

"ఆసుపత్రి మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందండి. నేను దాని వంకే చూసేదాన్ని," అంది కరుణమ్మ గారు. ఆ సమాధానం రికార్డు చేశాం.

తరవాత అసలు చిక్కు వచ్చింది. కీర్తన ఒకటి, అర్జీలు రెండు. తన అనుభవంలో ఉందని కరుణమ్మ గారూ పెట్టారు, అదే మాట కండక్టరు దావీదూ పెట్టాడు. ఇద్దరూ పెడితే పని తొందరగా అవుతుందనుకున్నారు పాపం. గిద్యోను గారు ఆవిణ్ని కుడివైపూ ఆయన్ని ఎడమవైపూ నిలబెట్టి, వాది, ప్రతివాది అని రాసుకున్నారు.

"కామెర్లు ముదిరి చావు దాకా వెళ్లింది ఎవరు? నువ్వా, ఆవిడా?" అని దావీదుని అడిగారు.

"నేనేనండి."

"మరి పాడింది?"

"ఆవిడేనండి. రాత్రి డ్యూటీలో మంచం పక్కన కూచుని పాడేదండి. పగలు ఎన్ని మందులిచ్చినా నాకు ఆ పాట దగ్గరే నెమ్మదిగా ఉండేదండి."

"అయితే అనుభవం పాడినవారిదా, విన్నవారిదా?" అని గిద్యోను గారు సోమయాజులు గారి వంక తిరిగారు.

"ఇది విభక్తి సమస్య కాదండి. ఇది వాళ్లిద్దరి సమస్య," అన్నారు సోమయాజులు గారు. ఆ రోజు ఆయన టిఫిను ముట్టుకోలేదు.

"పెళ్లైతే ఉమ్మడి ఆస్తి అయిపోతుంది కదండీ, తగువే ఉండదు," అన్నారు పాస్టరు గారు ఆశగా.

"పెళ్లైతే. కీర్తన తేలనిదే పెళ్లి లేదంటున్నారు. పెళ్లి కానిదే కీర్తన తేలదు. చాలా పకడ్బందీగా ఉంది," అన్నారు గిద్యోను గారు. మాటలో మెచ్చుకోలు కూడా ఉంది.

"ఆవిడ పేరున రాసెయ్యండి. నాకొద్దు," అన్నాడు దావీదు. "ఆయన పేరున రాయండి. నాకొద్దు," అంది కరుణమ్మ గారు. ఇద్దరూ ఒకేసారి అన్నారు కాబట్టి రెండూ నమోదయ్యాయి. ఇప్పుడు ఆవిడ హక్కు ఆయనకీ, ఆయన హక్కు ఆవిడకీ పోయి, తగువు మళ్లీ మొదటికొచ్చింది. అధ్యక్షులు యథాతథ స్థితి అన్నారు.

కరుణమ్మ గారు మొహం పక్కకి తిప్పుకుంది. ఆ నలభై ఏళ్లలో ఆవిడ ఎవరి ఎదుటా ఏడవలేదని అందరికీ తెలుసు. దావీదు తువ్వాలు తీసి ఇవ్వబోయి, ప్రతివాది వాదికి వస్తువులు ఇవ్వవచ్చో లేదో తెలియక నావంక చూశాడు. ఇవ్వమని తల ఊపాను.

అప్పుడు అధ్యక్షులు ఉన్నట్టుండి అడిగారు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ముద్ర లేదు. "అమ్మా, ఆ కునకడు, నిద్రపోడు అన్న మాటకి మీరు ఏమని అర్థం చెప్పుకునేవారు? అర్థ నిర్ధారణ నిమిత్తం అడుగుతున్నాను."

"అర్థమేముందండి. నేను కునికేదాన్నండి."

"డ్యూటీలోనా?" అన్నారు గిద్యోను గారు.

"డ్యూటీలోనేనండి. తెల్లవార్లూ ముప్ఫై మంచాలు ఒక్కదాన్నే చూడాలంటే ఎవరైనా కునుకుతారండి. భయమేసేది, నేను రెప్ప వేస్తే వీళ్లకేమవుతుందోనని. అందుకే పాడేదాన్ని. కునకనివాడు ఒకడున్నాడు, నువ్వు పడుకో నాయనా అని పేషెంటుకి చెప్పేదాన్ని. వాడు పడుకునేవాడు. తరవాత నేనూ ఓ కునుకు తీసేదాన్ని."

"పేషెంటు నిజముగానే పడుకునేవాడా?"

"పడుకునేవాడండి."

నెహెమ్యా గారు ఆ మాట రెండోసారి కూడా రాసుకున్నట్టు గమనించాను. ఆయన భార్య పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి సభకి సర్క్యులర్లు మూడింతలయ్యాయి. అవన్నీ తెల్లవారుజామున రెండింటికీ, మూడింటికీ నా ఫోనుకి వస్తాయి. పనిమంతుడు అని మేమంతా మెచ్చుకునేవాళ్లం గాని, ఈయన ఎప్పుడు పడుకుంటాడని ఎవరమూ అడగలేదు.

"స్థల తనిఖీ చెయ్యకుండా ఏ ఆస్తి మీదా తుది ఉత్తర్వు ఇవ్వకూడదండి. రూలు," అన్నారు గిద్యోను గారు ఫైలు కడుతూ. "వివాదాస్పద కీర్తన మొత్తం మన ఎదట ఒకసారి పాడి చూపించాలి. అది ఆరాధన కిందికి రాదు, తనిఖీ కిందికి వస్తుంది. గురువారం పొద్దున్న అయితే నాకు ఖాళీ."

"గురువారం పొద్దున్న మేమిద్దరం ఎలాగూ గుళ్లోనే ఉంటామండి," అంది కరుణమ్మ గారు.

గురువారం గుడి నిండిపోయింది. తనిఖీకి ఇంత జనం ఎందుకొచ్చారని గిద్యోను గారు అడిగితే, పంచనామాకి సాక్షులం అన్నారు అందరూ. సాక్షులు పట్టుచీరలు కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చారు. సంఘం బెంచీ ముందు వరసలో వేశారు. మధ్యలో అధ్యక్షులు, ఆయనకి ఒక చేతుల కుర్చీ. వెనక షెడ్డులోంచి బిర్యానీ వాసన వస్తోంది.

'వివాదాస్పద ఆస్తి గుర్తింపు కార్యక్రమము' అని నేను చదివాను. కరుణమ్మ గారు తెల్లచీరలో లేచి నిలబడి ఎత్తుకుంది. పెద్ద గొంతు కాదు ఆవిడది, వార్డులో పక్క మంచం లేవకుండా పాడే గొంతు. రెండో చరణానికి దావీదు కలిశాడు. బెంచీలు మోగాయి. సాక్షుల్లో ఎవరో సన్నగా అందుకున్నారు, తరవాత ఇంకొకరు. గుళ్లో పాట వినపడి ఎన్ని వారాలైందో. నేను కూడా పాడాను, హెడ్ క్లర్కునని మర్చిపోయి. సోమయాజులు గారు కాలితో తాళం వేస్తున్నారు.

పాట అయిపోయింది. అధ్యక్షులు చెయ్యెత్తారు.

"సరిహద్దులు స్పష్టముగా తేలలేదు. మరొకసారి పాడవలెను."

మళ్లీ పాడారు. ఈసారి దొరికింది సందని పాస్టరు తిమోతి గారు చరణానికీ చరణానికీ మధ్య ప్రమాణాలు చేయించేశారు. దావీదు ఉంగరం తొడిగాడు. గిద్యోను గారు అదేమిటని అడగబోతే, తనిఖీలో భాగమేనండి అని నేను చెప్పాను.

"మరొకసారి," అన్నారు అధ్యక్షులు. ఈమాటు చాలా మెల్లిగా అన్నారు.

మూడోసారి కరుణమ్మ గారు కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడి పాడింది. కునకడు, నిద్రపోడు అన్నచోట నెహెమ్యా గారి పెదవులు కూడా కదిలాయి. తరవాత ఆగిపోయాయి. తల పక్కకి వాలింది. మేమంతా భయపడ్డాం. కరుణమ్మ గారు ఆయన మణికట్టు పట్టుకుని చూసి, కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టింది. అంతలో ఆయన గురక మొదలైంది. ముచ్చటైన, నిండు గురక.

పాట ఆపకుండానే ఆవిడ అందరికీ చేత్తో బయటికి దారి చూపించింది. జనం మునివేళ్ల మీద లేచారు. పిల్లల నోళ్లు తల్లులు మూశారు. గిద్యోను గారు మాత్రం అడంగల్ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లారు.

"అదంతా బాగానే ఉందమ్మా. మరి అనుభవదారు గడిలో ఎవరి పేరు రాయమంటావు?"

కరుణమ్మ గారు కుర్చీ వైపు చూపించింది. "ఆయన పేరే రాసుకోండి. కాస్త చిన్నగా మాట్లాడండి."